మాణిక్యం గురువుకు దండం

ఆత్మకూరు, 6 జూలై 1953

మద్రాసు పత్రికలో ఆ వ్యాసం మూడోసారి చదివాను. కోలాటం అనే పేరు అరవంలో పుట్టిందట. అక్కడి నుంచి ఉత్తరానికి నడిచివచ్చి మన నోళ్ళలో అరిగిపోయిందట. రాసినవాడు పండితుడు. వాడు జన్మలో ఒక్కసారైనా కోల చేత పట్టుకున్నాడా? మద్రాసు నగరం అట్టిపెట్టుకున్నారు, హైకోర్టు అట్టిపెట్టుకున్నారు, ఇప్పుడు కర్రలాటకు పేరు కూడా కావలసి వచ్చింది.

జవాబు మొదలుపెట్టాను. కోల మనది, ఆట మనది. తమిళులు కోలాట్టం అన్నా, కన్నడిగులు కోలాట అన్నా, మలయాళంలో కోల్‌కళి అన్నా, అన్నీ ఇక్కడి నుంచి పోయినవే. గుజరాతీలు దాండియా అంటారు, వాళ్ళు కర్రకు తమ పేరు పెట్టుకున్నారు, అంతే తేడా. పాటుపడే చేతిలోని కర్రే కోల. పంట కొట్టిన కర్ర, పశువును తోలిన కర్ర సాయంత్రానికి ఆటయింది. రుజువులు తర్వాత వెతకవచ్చు. ఉండే ఉంటాయి.

వరదమ్మ కాఫీ తెచ్చి బల్ల మీద కాగితాలు చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమెకు నా చేతిరాతను బట్టే కోపం తెలుస్తుంది.

"ఈసారి ఎవురి మీద?" అంది.

"మద్రాసు మీద."

"పోనీలెండి. పోయినసారి మా అన్న మీద రాసినారు."

14 జూలై

వ్యాసం అచ్చయింది. జనార్దనయ్య ఇంటికి వచ్చి మరీ మెచ్చుకున్నాడు. అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం వస్తుంది గదా, ఆత్మకూరులో ఉత్సవ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. వేదిక ముందు కోలాటం ఉండాలి, నా వ్యాసం చదవాలి అన్నాడు.

సరేనన్నాను. ఒక షరతు పెట్టాను. ఆడేది చెరువు కట్ట కింది గూడెం వాళ్ళే కావాలి. మన రైతుల ఇళ్ళ పిల్లలకు తెల్లచొక్కాలు తొడిగి ఆడించడం కుదరదు. యానాది కామయ్య జట్టు వచ్చి హైస్కూలు మైదానంలో, వేదిక ఎదురుగా, కలెక్టరాఫీసు మనుషులు కుర్చీల్లో కూర్చుని చూస్తుండగా ఆడాలి.

జనార్దనయ్య ముక్కుపొడి డబ్బీ మూసి, "మావాళ్ళు కొందరు గొణుగుతారు రెడ్డిగారూ" అన్నాడు.

"గొణగనీ."

ఒప్పుకున్నాడు. ఈ ఊళ్ళో కులాల మీద పాతికేళ్ళుగా అరుస్తున్నాను. ఇది మొదటి గెలుపు.

20 జూలై

గూడేనికి వెళ్ళాను. నా బడిపంతులు ఉద్యోగం పీకేసి నాలుగేళ్ళయినా అక్కడ నేను ఇంకా అయ్యోరినే. కామయ్య గుడిసె ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అరవై దాటి ఉంటాయి. సంగతి చెప్పగానే అతని భార్య నాగులమ్మ లోపలి నుంచి కేక వేసింది.

"కుర్చీల ఎదరనా? మేమా? తాగొచ్చినావా అయ్యోరా?"

"తాగలేదు నాగులమ్మా."

"అయితే వాళ్ళు తాగుండారు."

ఆట చూపించమన్నాను. పదహారు మంది వచ్చారు. లోపలి వరుసలో ఎనిమిది, బయటి వరుసలో ఎనిమిది. అందరూ కోలలు నేల మీద పెట్టి చేతులు జోడించారు. కామయ్య గొంతెత్తి, "మాణిక్యం గురువుకు దండం" అన్నాడు. అందరూ "దండం" అన్నారు. అతను ఇంకా ఏదో చదవబోయాడు. ఆపమన్నాను. దండకాలు వినడానికి నేను అంత దూరం పోలేదు.

ఆట మొదలయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత దగ్గర నుంచి చూశాను. ఒక్కో అడుగుల వరసను కోపు అంటారు. కోపు మారినప్పుడల్లా మనిషి ఎదుటివాణ్ణి వదిలి పక్కవాడి కోలను అందుకుంటాడు. పదహారు జతల చప్పుడు ఒకే చప్పుడుగా వినిపించింది. కాసేపు వ్యాసం గుర్తు రాలేదు.

అయిపోయాక అడిగాను. "మాణిక్యం ఎవరు?"

"మా గురువు సామీ. అరవాయన. రోడ్డు పనికొచ్చి మా కట్ట కింద రెండేండ్లు ఉన్న్యాడు. అప్పుడు నాకు పద్దెనిమిదో, ఇరవయ్యో. ఈ కోపులన్నీ ఆయన చెప్పినయ్యే."

"అంతకు ముందు మీ నాయన వాళ్ళు ఆడేవాళ్ళు కాదా?"

"ఎగిరేటోళ్ళు."

"కర్రలతోనా?"

"చేతిలో ఏముంటే దాంతో. కోలాటమనే పేరు మాణిక్యమే అన్న్యాడు. మాకు ఆటంటే ఆటే."

21 జూలై

అరవాయన.

23 జూలై

ఇందులో కంగారు పడవలసింది ఏమీ లేదు. ఒక కూలివాడు ఒక ఊరు వచ్చాడు, నేర్పాడు. ఒక మనిషి సంగతితో ఒక భాష సంగతి తేలదు. వ్యాసం మార్చనక్కరలేదు.

మార్చడానికి అసలు అది అచ్చయిపోయింది.

11 ఆగస్టు, ఉదయగిరి

వింజమూరులో బస్సు మారి వచ్చాను. కామయ్య జట్టు కోలలు ఇక్కడివేనట, అందుకని. కొండ కింద సాయిబులు చెక్కతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేసే వీధి ఉంది. మస్తాన్ సాయిబు అనే ముసలాయన అరుగు మీద కూర్చుని కోలలు చెక్కుతున్నాడు. జత రెండూ ఒకే కొమ్మలో నుంచి తీస్తాడట. వేరే కొమ్మవి కలిపితే రెండు రకాలుగా మోగుతాయట. చెవి దగ్గర పెట్టి కొట్టి వినిపించాడు. నాకు తేడా తెలియలేదు. తెలిసిందని చెప్పాను.

"ఇక్కడ ఈ ఆటను మొదటి నుంచి కోలాటమనే అంటారా?" అని అడిగాను. అంటారు అనే మాట ఒక్కటి కావాలి నాకు. పుస్తకం తెరిచి కలం పట్టుకుని ఉన్నాను.

"మొదటి నుంచంటే ఎప్పటి నుంచి రెడ్డిగారూ?" అన్నాడు. "మా తాతకు అన్న ఒకాయన ఉండేవాడు. కోలారు గనులకు పోయినాడు. పోతా పోతా ఇరవై జతల కోలలు..."

ముసలివాళ్ళతో ఇదే చిక్కు. ఒక మాట అడిగితే వంశమంతా చెబుతారు. బస్సు టైమయింది. ఆయన చెప్తూనే ఉన్నాడు, లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. పుస్తకంలో 'అంటారు' అని రాసుకున్నాను. ఇంచుమించు అన్నట్టే గదా.

4 సెప్టెంబరు

జనార్దనయ్య గూడేనికి పోయి రిహార్సలు చూసి వచ్చాడట. సరాసరి మా ఇంటికే వచ్చాడు. మనిషి మొహం మాడిపోయి ఉంది.

"ఎవరండీ ఆ మాణిక్యం?"

చెప్పాను.

"రాష్ట్రం వచ్చిన రోజున, అంతమంది ముందర, మొదటి మాట అరవవాడికి దండమా? కుర్రాళ్ళు ఊరుకుంటారా? రాళ్ళు పడతాయి. గూడెం వాళ్ళ మీదే పడతాయి. అయినా తమరు రాసిందేమిటి, వాళ్ళు అరిచేదేమిటి?"

"ఆ పేరు లేకుండా ఆడిస్తాను."

"ఆడించండి. లేకపోతే మా పిల్లలు సిద్ధంగా ఉండారు, తెల్లచొక్కాలతో సహా."

5 సెప్టెంబరు

రాత్రంతా ఆలోచించాను. దీన్ని సూత్రప్రాయంగా చూడాలి. గురుపూజ అనేది ఏమిటి? ఒకడు పైన, ఒకడు కింద అని నేర్పే మొదటి పాఠం. పాతికేళ్ళుగా నేను రాస్తున్నది దాని మీదే కదా. కాబట్టి దండం తీసెయ్యమనడం ప్రగతిశీలమైన పనే. జనార్దనయ్య అడిగాడని కాదు. నా వ్యాసం కోసం కాదు.

వ్యాసం కోసం కాదు.

6 సెప్టెంబరు

కామయ్యతో మాట్లాడాను. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి.

"గురువు పేరు చెప్పకుండా కోల ఎత్తకూడదు సామీ."

"ఎత్తితే ఏమవుతుంది?"

"ఏమో. ఎవురూ ఎత్తి చూళ్ళా."

"గురువులు, దండాలు, ఇవన్నీ దోచుకునేవాళ్ళు పెట్టిన సంకెళ్ళు కామయ్యా."

"మాణిక్యం మమ్మల్ని ఏం దోచుకున్న్యాడు? చేపల పులుసు తినేటోడు, అంతే."

నాగులమ్మ నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఈ పేరు పైకి వస్తే మీకు మైదానంలో చోటుండదు, మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో తెలియదు అన్నాను. అది నిజమే. కామయ్య వల ముడులు సర్దుకున్నాడు.

"పేరు లేకుండా మాత్రం కుదరదు సామీ. ఏదో ఒక పేరు చెప్పాల్సిందే."

"చెప్పి తీరాలంటే మన పేరు ఏదైనా చెప్పు. తప్పయితే నా మీద పెట్టుకో."

"మీ మీద పెట్టుకోనా?"

"పెట్టుకోమంటున్నా గదా."

"సరే సామీ" అన్నాడు.

తేలికగా ఒప్పుకున్నాడు. ఇంత తేలికని తెలిస్తే రాత్రి నిద్ర చెడగొట్టుకునేవాణ్ణి కాదు.

1 అక్టోబరు

రాష్ట్రం వచ్చింది. మైదానం నిండింది. నేను వేదిక మీద నాలుగో కుర్చీలో ఉన్నాను. వ్యాసం చదివాను, బాగా చదివాను.

జట్టు వచ్చింది. కోలలు నేల మీద పెట్టారు. కామయ్య చేతులు జోడించి నా వైపు తిరిగాడు.

"పెంచలరెడ్డి గురువుకు దండం."

పదిహేను మంది "దండం" అన్నారు.

జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నానని వరదమ్మ ఇంటికొచ్చాక చెప్పింది. జనార్దనయ్య లేచి నా మెడలో దండ వేశాడు. ఆట జరిగింది. బాగానే జరిగి ఉంటుంది, నేను సరిగా చూడలేదు. నా పేరు చెప్పమని నేను చెప్పలేదు. ఎక్కడా చెప్పలేదు.

అది గౌరవమా? ఎకసెక్కమా? కామయ్య మొహంలో రెండూ లేవు.

2 అక్టోబరు

పొద్దున్నే కామయ్య, ఇంకో ఇద్దరు వచ్చి గోనెసంచి ఒకటి మా వసారాలో దించారు. అందులో పదహారు జతల కోలలు.

"ఇవెందుకు?"

"గురువింట్లో ఉండాల గదా. మాణిక్యం పోయినాక నా దగ్గిర ఉన్న్యాయి. ఇప్పుడు మీరు గదా."

"కామయ్యా, అదేదో ఆ పూటకు..."

"కోల మీద చెప్పిన పేరు పూటకొకటి మారదు సామీ. ఇంక మీరొచ్చి కోపు చెప్పి, మొదటి దెబ్బ మీరు కొడితేనే ఆట."

వాళ్ళు వెళ్ళాక వరదమ్మ సంచి మూతి విప్పి చూసింది.

"ఏం నేర్పినారు మీరు వాళ్ళకి?"

ఆమె అడిగింది నిందగా కాదు, తెలుసుకుందామనే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

9 అక్టోబరు

సంచి వసారాలోనే ఉంది.

17 అక్టోబరు

మద్రాసు పండితుడు జవాబు రాశాడు. నా వాదంలో రుజువు ఒక్కటీ లేదట. దానికి జవాబు రాయబోయి రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. ఒక జత తీసి కొట్టి చూశాను. ఏదో చప్పుడు వచ్చింది. మంచిదో చెడ్డదో తెలియలేదు. వరదమ్మ వంటింట్లో నుంచి "ఎవురొచ్చినారు?" అని అడిగింది.

2 నవంబరు

నాలుగు రోజులుగా ఒకటే వాన.

8 నవంబరు

చెరువు నిండింది. తెల్లవారి కలుజు పారింది. ఊరంతా కట్ట మీదికి పోయి మిగులు నీళ్ళు దుముకుతుంటే చూసింది, నేనూ పోయాను. నా చిన్నతనం నుంచి చూస్తున్నాను, కలుజు పారిన రోజున గూడెం వాళ్ళు అక్కడ కోలాటం వేస్తారు. నీళ్ళు నిలిచినంత కాలం చేపలు వాళ్ళవి, అది వాళ్ళ పండుగ. తొలినీళ్ళు పారుతుండగా ఆడకపోతే ఆ ఏడు చెరువులో వల వెయ్యరు.

ఈసారి ఎవరూ ఆడలేదు. గూడెమంతా కలుజు పక్కన ఊరకే నిలబడింది. వలలు గుడిసెల మీద ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. జనం వాళ్ళను చూశారు. వాళ్ళు నన్ను చూశారు.

నాగులమ్మ దగ్గరికి వచ్చింది. "మూడు దినాలకు మించి తొలినీళ్ళుండవు అయ్యోరా. తరవాత మేం తినేదేంది, మీ వ్యాసమా?"

అదే రోజు, మధ్యాహ్నం

సంచి వాళ్ళ గుడిసె ముందు దించి, "నేను తప్పుకుంటున్నాను, మాణిక్యం పేరే చెప్పుకోండి" అన్నాను.

"చెప్పిన పేరును వెనక్కి తీసుకునే దారి మాకు లేదు సామీ" అన్నాడు కామయ్య. కోపంగా లేడు. నాకు లెక్క నేర్పుతున్నట్టు చెప్పాడు. "గురువు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోము. ఆయనకు చెప్పినాయన, ఆయనకు చెప్పినాయన, అట్టా వెనక్కి పోవాల. మీ పేరు చెప్పినాను. మీ వెనక ఎవురూ లేరు. దారి ఆడ్నే తెగిపోయినాది."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మీకు ఒక గురువుండాల. ఆయన దగ్గిర ఒక్క కోపు నేర్చుకుంటే చాలు. మీ వెనక ఆయన పేరొస్తాది, ఆయన వెనక ఆయన గురువు పేరొస్తాది. దారి కలుస్తాది."

"ఎవరి దగ్గర నేర్చుకోవాలి?"

కామయ్య నేల చూశాడు. నాగులమ్మ చేట కింద పెట్టింది.

"ఇంత చదువుకున్నోడికి ఎవురి దగ్గిరో కూడా మేమే చెప్పాల్నా?"

"నేర్చుకునేవాళ్ళు ఏం చేస్తారు?" అన్నాను.

"గురువు కాళ్ళ దగ్గిర కోలలు పెట్టి తీసుకుంటారు. మేమందరం అట్టనే తీసుకున్న్యాము."

ఇంటికి వచ్చేశాను. సంచి తిరిగి తెచ్చానని ఇంటికొచ్చాక గాని చూసుకోలేదు.

9 నవంబరు

కారణాలు. ఒకటి, గురుపూజకు నేను వ్యతిరేకిని, సెప్టెంబరులోనే రాసుకున్నాను. రెండు, నా మోకాళ్ళు బాగాలేవు. మూడు, ఇది చూసి జనార్దనయ్య వాళ్ళు నవ్వితే నష్టం నాకు కాదు, ఉద్యమానికి. నాలుగు

నాలుగోది ఏమిటో తోచలేదు. సహపంక్తి భోజనాల మీద, బావుల మీద, బడుల మీద ఎన్ని వ్యాసాలు రాశాను. కామయ్యను నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టమంటే రేపే కూర్చోబెడతాను. నిజంగానే కూర్చోబెడతాను.

మరి ఇదేమిటి?

వరదమ్మకు అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. "వాళ్ళ నోటి కాడ కూడు మీ మోకాళ్ళ దగ్గర ఆగిందన్న మాట" అంది. తర్వాత, "తైలం రాయనా?" అంది.

10 నవంబరు

మూడో రోజు. పొద్దున్నే సంచి తీసుకుని కలుజు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు తగ్గుముఖం పట్టాయి. వరదమ్మ కూడా వచ్చింది, రావద్దన్నా. జనార్దనయ్య కట్ట మీద గొడుగు వేసుకుని ఉన్నాడు. ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరెవరో చూడకూడదనుకున్నాను. అందరినీ చూశాను.

ఒక జత తీసుకుని కామయ్య ముందు వంగాను. వంగినప్పుడు ఏమనుకున్నానో రాయాలని ఉంది గానీ ఏమీ అనుకోలేదు. అతని పాదాలకు బురద ఉంది. కోలలు అక్కడ పెట్టాను. ఎంతసేపు వంగి ఉండాలో తెలియలేదు.

"చాల్లే సామీ, లెయ్యండి. నీళ్ళు పోతా ఉండాయి" అన్నాడు.

ఒక కోపు నేర్పాడు. నాలుగడుగులు, మూడు దెబ్బలు. మొదటిసారి కోల నా వేళ్ళ మీదే పడింది. రెండోసారి అతని వేళ్ళ మీద పడింది. గూడెం ఆడవాళ్ళు నవ్వారు, వాళ్ళతో వరదమ్మ కూడా. ఆరో సారికో ఏడో సారికో చప్పుడు కలిసింది.

అప్పుడు పేర్లు. నేను ముందు ఉండి చెప్పాలట. కామయ్య ఒక్కో మాట అందిస్తే నేను గొంతెత్తాను.

"కామయ్య గురువుకు దండం."

పక్కనున్న కామయ్యే అందరితో పాటు "దండం" అన్నాడు. నాగులమ్మ, "నీకు నువ్వే పెట్టుకున్న్యావా దండం, సిగ్గులేదా" అంది.

"కామయ్యకు చెప్పిన మాణిక్యం గురువుకు దండం."

కట్ట మీద ఒకరిద్దరు గొణిగారు. రాళ్ళు పడలేదు. అక్కడితో అయిపోయిందనుకుని కోల ఎత్తాను. కామయ్య నా చెయ్యి పట్టుకుని దించాడు.

"ఇంకా ఉండాది. మాణిక్యానికి చెప్పిన కోలారు మునియప్పకు."

చెప్పాను. మునియప్ప కన్నడిగుడట.

"మునియప్పకు చెప్పిన ఉదయగిరి దావూదు సాయిబుకు."

ఉదయగిరా? అతని వైపు తిరిగి చూశాను.

"చెప్పండి సామీ."

చెప్పాను.

"దావూదుకు చెప్పినోళ్ళ పేర్లు తెలవదు. వాళ్ళకీ దండం."

చెప్పాను. మొదటి దెబ్బ కొట్టాను. పదహారు జతలు ఒక్కసారి మోగాయి. నన్ను పక్కకు నెట్టి, ఆట తనంతట తాను పోయింది. మధ్యాహ్నానికి వలలు నీళ్ళలో పడ్డాయి.

ఆట మధ్యలో కామయ్య చెమట తుడుచుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను. "ఉదయగిరి మాట జూలైలోనే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోతే మీరే గదా చాలించమన్న్యారు."

13 నవంబరు

మద్రాసుకు జవాబు రాయడానికి కూర్చున్నాను. ఇప్పుడు నా దగ్గర రుజువుంది. ఆట ఉదయగిరి నుంచి కోలారు పోయింది, కోలారు నుంచి అరవవాడి కాళ్ళతో ఆత్మకూరు వచ్చింది. గెలిచాను.

నిజంగా గెలిచానా? దావూదు ఇంట్లో ఉర్దూ మాట్లాడి ఉంటాడు. అతను ఆ ఆటను ఏమని పిలిచాడు? మునియప్పకు చెప్పినప్పుడు ఏ మాట వాడాడు? మునియప్ప దాన్ని కోలాట అన్నది తన భాషలోనా, దావూదు అన్నమాటనేనా? మాణిక్యం మన వాళ్ళకు ఇచ్చిన పేరు తనదా, మన దగ్గర నుంచి పోయి అతని నోట తిరిగి వచ్చినదా? దావూదుకు చెప్పినవాళ్ళెవరు? ఒక్కొక్క మనిషి దగ్గర ఆ పేరు కాసేపు ఆగి, పక్కవాడికి అందింది. ఎవడి దగ్గర ఆగినప్పుడు చూస్తే వాడిదే అనిపిస్తుంది. పండితుడూ నేనూ చెరో చోట ఆపి చూశాం.

ఇలా రాస్తే జవాబు కాదు. ఎలా రాయాలో తెలియడం లేదు. కాగితం మీద 'అయ్యా' అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

మస్తాన్ సాయిబు తాతకు అన్న. కోలారు గనులు. ఇరవై జతలు. ఆ దావూదు ఆయనేనేమో. ఆయన ఆ రోజు చెప్తూనే ఉన్నాడు.

వరదమ్మ వచ్చి కాగితం చూసింది. "ఈసారి ఎవురి మీద?" అంది.

"తెలియదు. రేపు ఉదయగిరి పోతాను."

"సాయంత్రం బస్సుకు వచ్చేస్తారా?"

ముసలాయన చెప్పడం అయ్యేదాకా కూర్చుంటాను. బస్సు పోతే పోనీ.